ఎర్ర టోకెన్ల సీజను

"ఒక్క వైరే కదప్పా, తగిలించెయ్" అని ఎవరు అన్నా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. రిటైరై ఇంట్లో కూర్చున్నా ఈ జబ్బు తగ్గలేదు. మొన్న మా ఇంట్లో ఇన్వర్టరు బిగించడానికి వచ్చినతను తన మనిషితో అదే మాట అన్నాడు. నేను లోపలి నుంచి వచ్చి అతన్ని కడిగేశాను. అతను బిత్తరపోయి మా ఆవిడ వైపు చూశాడు. "మీరు పట్టించుకోకండి, ఆయనకు మామిడికాయలు గుర్తొచ్చి ఉంటాయి" అంది ఆవిడ.

నిజమే, మామిడికాయలే గుర్తొచ్చాయి. ఫ్యాక్టరీల్లో కొత్తగా చేరి, పేరూ ఊరూ లేని పాత యంత్రాలతో కుస్తీ పడుతున్న పిల్లలకు ఆ సంగతి చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. కోపం చల్లబడ్డాక చెబుదామని ఆగాను. అది చల్లబడేలా లేదు కాబట్టి కోపంగానే చెబుతాను.

నేను పనిచేసింది చిత్తూరు పొలిమేరలో ఉన్న ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో. మోటార్లు, ప్యానెళ్ళు, కాటా, గేటు కంప్యూటరు, కరెంటుతో నడిచేదల్లా నా నెత్తినే. మా వైపు తోతాపురి కాయ సంగతి మీకు తెలియకపోవచ్చు. అది అందరి తోటల్లోనూ ఒకేసారి కోతకు వస్తుంది. కోశాక ఎక్కువ రోజులు ఆగదు. ఊళ్ళో సంతలో పెట్టి అమ్ముకునే కాయ కాదది, గుజ్జు ఫ్యాక్టరీ తప్ప కొనే నాథుడుండడు. అందుకని సీజను వస్తే మా గేటు ముందు ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా బారులు తీరేవి. రైతులు ట్రాక్టరు కిందే పడుకునేవాళ్ళు, అక్కడే సద్ది విప్పుకునేవాళ్ళు.

ఎవరు ముందు, ఎవరు వెనక అన్న తగాదా రాకుండా రైతులకు ముందుగానే టోకెన్లు ఇచ్చేవారు. సబ్బు పెట్టె మీద ఉండే నల్ల చారల్లాంటి బార్‌కోడు ఆ టోకెను మీద ఉండేది. గేటు కిటికీలో బిగించిన స్కానరు ఆ చారలు చదివితేనే కాటా కంప్యూటరు తెరుచుకునేది. చదవకపోతే బండి గేటు దాటదు. పలుకుబడి ఉన్నవాడు వెనక నుంచి వచ్చి ముందు దూరకుండా పెట్టిన పద్ధతి అది, మంచి పద్ధతే.

ఆ స్కానరు మాత్రం ఎక్కడి నుంచో వచ్చిన దిక్కులేని సరుకు. తమిళనాడులో మూతబడ్డ ఏదో ఫ్యాక్టరీ నుంచి పాత సామానుతో కలిపి తెచ్చారు. బరువైన ఇనుప డబ్బా, ముందు చిన్న అద్దం, వెనక గుండ్రటి సాకెట్లో గుప్పెడు పిన్నులు. పేరు రాసిన స్టిక్కరు ఎప్పుడో చెరిగిపోయింది. ప్రతి ఆయుధపూజకూ మావాళ్ళు దానికి పసుపు పూసి, గంధం అద్ది, కుంకుమ బొట్టు పెట్టేవాళ్ళు. పాత బొట్టు మీదే కొత్త బొట్టు. చేసిన కంపెనీ లేదు, అమ్మినవాడు లేడు, ఎలా కలపాలో చెప్పే కాగితం ముక్క లేదు. మా పాత కంప్యూటరుకు మాత్రం దాని భాష తెలుసు. ఆ కంప్యూటరు ఉన్నన్నాళ్ళూ ఎవరికీ ఏ బాధా లేదు.

ఆ ఏడు సీజను లేని నెలల్లో నన్ను తడ దగ్గర మా కంపెనీదే ఒక కోల్డ్ స్టోరేజీకి పంపారు. నేను అక్కడ ఉండగా ఇక్కడ కొత్త మేనేజరు వచ్చాడు. వచ్చీ రాగానే గేటు క్యాబిన్‌ను అందంగా చేయించాడు. సీజను మొదలైన రోజు పొద్దున్నే నాకు ఫోను వచ్చింది, గేటు తెరుచుకోవడం లేదు, వెంటనే రమ్మని.

బస్సు దిగి వచ్చేసరికి ట్రాక్టర్ల వరస మలుపు దాటి కనబడకుండా పోయింది. క్యాబిన్‌లో కొత్త కంప్యూటరు మెళ్ళో పూలదండతో కూర్చుని ఉంది. దాని పక్కన మా స్కానరు తోక తెగిన బల్లిలా పడి ఉంది. పాత కంప్యూటరు ఏదని అడిగాను.

టోకెన్ కిటికీ దగ్గర పనిచేసే అమ్మాయి గొంతు తగ్గించి చెప్పింది. "పాత ఇనుమోడికి ఏసేసినారు సార్. వైరు గూడా కోసుకోని పాయ."

"రాగి కదప్పా, ఎవురొదుల్తారు?" అన్నాడు కాటా దగ్గర పనిచేసే నా మిత్రుడు. మేమిద్దరం ఒకే ఏడు చేరాం. ప్రళయం వచ్చినా ఎకసెక్కం మానడు.

ఇంతలో మేనేజరు వచ్చాడు. "ఏమప్పా, తడ నుంచి రావడానికి ఇంతసేపా? ఒక్క వైరే కదా, తగిలించెయ్. నేను టిఫిన్ తినొచ్చే లోపల బండ్లు కదలాల."

"సార్, ఏ పిన్నుకు ఏం పోతుందో చెప్పేవాళ్ళు లేరు. తప్పు పిన్నుకు కరెంటు ఇస్తే ఉన్న పెట్టె కూడా కాలిపోతుంది. పైగా కొత్త కంప్యూటరుకు దీన్ని పెట్టే చోటే లేదు."

"నెట్‌లో చూడు."

"చూడడానికి దాని పేరన్నా తెలియాలి గదా సార్."

"పని చెయ్యనోడికి అన్నీ సాకులే," అని నా మొహం కూడా చూడకుండా పోయాడు. ఉన్నదాన్ని తెగనమ్మినవాడు ఆయన, సాకులు చెప్పేవాణ్ణి నేను. పోనీ ఈ పూటకు చేత్తో రాసుకుని బండ్లు వదులుదామని అడిగించాను. కుదరదు, స్కాన్ కాని బండి తూకానికి పోకూడదని హెడ్డాఫీసు ఆర్డరు అన్నాడు.

వరసలో మొట్టమొదటి ట్రాక్టరు ఒక పెద్దామెది. బంగారుపాళెం అవతల పల్లె. అద్దె ట్రాక్టరులో కాయల మీదే కూర్చుని వచ్చింది. మొగుడు పోయాక తోట తనే చూసుకుంటోందట. ఎండకు కాయలు మగ్గిపోకుండా గోనెపట్టలు తడిపి పైన కప్పింది. పక్కనున్న బోరు దగ్గరికి బిందె తీసుకుపోవడం, వచ్చి పట్టలు తడపడం, మళ్ళీ పోవడం, ఇదే పని. నేను పెట్టె మూత విప్పి కూర్చుంటే కిటికీలోంచి తొంగి చూసింది.

"యాడికొచ్చినాది సామీ?"

"చూస్తా ఉన్నానమ్మా."

"నిన్ను తొందరపెట్టడం ల్యా. కాయే తొందరపడతా ఉండాది."

నేను మళ్ళీ పెట్టె మీదికి వంగాను.

పని ఎలా చేశానో రెండు ముక్కల్లో చెబుతాను, మీకు పనికొస్తుంది. తెలియని పెట్టెను ముందు కరెంటు లేకుండా చదవాలి. ఇనుప డబ్బాతో కలిసి ఉన్న పిన్ను ఏదో మీటరుతో వెతికాను, అది ఎర్తు. లోపల కరెంటును అదుపు చేసే చిప్పు నుంచి వెనక్కి వెళితే కరెంటు పిన్ను దొరికింది. తక్కువ కరెంటుతో మొదలుపెట్టి మెల్లగా పెంచాను. అద్దంలోంచి ఎర్రటి గీత ఒకటి వచ్చి గోడ మీద పడింది. ఇక మిగిలిన పిన్నుల్లో ఊరికే ఉన్నప్పుడు మీటరు మైనస్ చూపించేదే మాట్లాడే పిన్ను, అంటే చదివిన అంకెలు బయటికి పంపేది. ఆ సంగతి మా తరం వాళ్ళకు తెలుసు. కొత్త కంప్యూటరుకు కలపడానికి మధ్యలో ఒక చిన్న అడాప్టరు కావాలి. అది చిత్తూరులో దొరకలేదు, తిరుపతి నుంచి బస్సు కండక్టరు చేతికిచ్చి తెప్పించాను. అది వచ్చేసరికి మర్నాడయింది. పెద్దామె పట్టలు తడుపుతూనే ఉంది.

కలిపాక ముందు స్క్రీను మీద పిచ్చి గీతలు వచ్చాయి. స్కానరు ఒక వేగంతో మాట్లాడుతుంటే కంప్యూటరు ఇంకో వేగంతో వింటోంది. ఒక్కొక్క వేగమే మారుస్తూ పోయాను. క్యాంటీను బిస్కెట్టు ప్యాకెట్టు చూపించగానే కీక్ మని మోగి, ప్యాకెట్టు మీదున్న అంకెలే స్క్రీను మీద పడ్డాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. కిటికీ అమ్మాయి చప్పట్లు కొట్టింది.

మేనేజరు పరుగున వచ్చాడు. ముందు వ్యాపారుల లారీలతో టెస్టు చేద్దామన్నాడు. ఆ లారీలు వేరే వరస. వాళ్ళకు టోకెన్లుండవు, ఆఫీసు ప్రింటరు మీద అప్పటికప్పుడు చీటీ కొట్టి ఇస్తారు. రైతుల కంటే వెనక వచ్చిన బండ్లు ముందు పోవడం నాకు నచ్చలేదు, కానీ టెస్టు అన్నాడు గదా అని ఊరుకున్నాను. లారీ చీటీలు ఒకదాని వెనక ఒకటి కీక్, కీక్ మని చదివేసింది. లారీలు లోపలికి పోయాయి.

తర్వాత పెద్దామె టోకెను పెట్టాం. శబ్దం లేదు.

మళ్ళీ పెట్టాం. తుడిచి పెట్టాం, వంచి పెట్టాం, తిప్పి పెట్టాం. ఆమె వెనకాయన టోకెనూ అంతే, ఆయన వెనకాయనదీ అంతే. లారీ చీటీ పెడితే మాత్రం తడుముకోకుండా చదువుతోంది. మేనేజరు టోకెన్లను వెలుతురుకు పెట్టి అటూ ఇటూ చూశాడు. కిందటేడు ఎవరో టోకెన్లకు నకళ్ళు తీసి తెచ్చారని ఒక పుకారు ఉంది. ఆయనకు అది గుర్తొచ్చింది.

"మిషను బాగానే ఉందిగా. ఇవి దొంగ టోకెన్లు," అన్నాడు.

నేను ఆగమనే లోపలే బండి నంబర్లు పిలిచే మైకు అందుకున్నాడు. "మొదటి బండి టోకెను దొంగది. బండి పక్కకు తియ్యండి. దొంగ టోకెన్లు తెచ్చినోళ్ళంతా వరసలోంచి బయటికి పోండి," అన్నాడు. రోడ్డు చివర దాకా వినిపించింది. పెద్దామె టోకెనును కిటికీలోంచి బయటికి విసిరేశాడు. ఆమె వంగి ఏరుకుని, కొంగుతో తుడుచుకుంది. వాచ్‌మన్లు ట్రాక్టరును తోయించి చెట్టు నీడలోంచి ఎండలోకి నెట్టారు. లారీలు మాత్రం లోపలికి పోతూనే ఉన్నాయి.

మీకు కోపం రావడం లేదా? నిద్రాహారాలు లేకుండా ఆ మూగ డబ్బాకు నోరు తెప్పించింది నేను. అది నోరు తెరిచి చెప్పిన మొదటి సాక్ష్యంతో ఒక ముసలామె దొంగ అయింది.

మేనేజరును క్యాబిన్‌లోంచి పంపేసి తలుపు వేశాను. కిటికీ మూశాను. చీకట్లో స్కానరు ఎర్రగీత స్పష్టంగా కనబడింది. లారీ చీటీ మీద ఆ గీత పడితే నల్లచారలు ఉన్న చోటల్లా తెగి తెగి కనబడింది. రైతు టోకెను మీద వేస్తే గీత ఎక్కడా తెగలేదు. ఈ చివర నుంచి ఆ చివరకు సాఫీగా పోయింది, ఆ కాగితం మీద అసలేమీ లేనట్టు. టోకెను పక్కకు తీస్తుంటే గీత అటుపక్క టేబులు మీద విప్పి పెట్టిన స్కానరు డబ్బా మూత మీద పడింది. మూత మీద ఆయుధపూజ కుంకుమ బొట్టు ఉంది. గీత దాని మీద నుంచి పోతుంటే బొట్టు కూడా మాయమైంది.

ఎర్ర వెలుగుకు ఎరుపు కనబడదు, తెల్లకాగితంలాగే ఉంటుంది. కిటికీ తెరిచి టోకెను చూశాను. పైన వినాయకుడు, కింద నంబరు, దాని కింద చారలు, మొత్తం కుంకుమ రంగులో. పొద్దుటి నుంచి వందసార్లు చూశాం దాన్ని. బాగుందనే అనుకున్నాం.

"ఎవరు కొట్టించారివి?" అని అడిగాను.

కాటా మిత్రుడు చెప్పాడు. "ఓనరింటోళ్ళ మాట గదబ్బా. శుభమా అని కాయలొచ్చే యాళ్ళ నల్లచారలేందన్నారంట. పెళ్ళిపత్రిక మాదిరి కుంకం రంగులో కొట్టించి, కాణిపాకంలో పూజ జేయించి తెచ్చినారు."

అంతే సంగతి. ఎవరి మనసులోనూ పాపం లేదు. నల్లరంగు అశుభమన్నారు, మేనేజరు తలూపాడు, ప్రెస్సువాడు అచ్చేశాడు. గేటులో చదివే యంత్రాన్ని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగేవాడు తడలో ఉన్నాడు మరి.

మేనేజరు గదికి పోయి కుండ బద్దలు కొట్టినట్టు చెప్పాను. ఆయన తలుపు దగ్గరికి వేసి, గొంతు మార్చాడు.

"చూడప్పా, ఓనరింట్లో వాళ్ళ మాట వల్ల అయిందని బయట చెప్పగలమా? వైరింగులో చిన్న తప్పుందని చెప్పు. నీకేం పోతుంది?"

"దొంగలన్నారే, వాళ్ళకేం చెబుతారు?"

"అదే సర్దుకుంటుందిలే."

ఆయనతో మాట్లాడటం దున్నపోతు మీద వాన. నాకు దారి మాత్రం అప్పటికే తోచింది. మా గేటు ఎదురుగా జిరాక్స్ అంగడి ఉంది. ఎర్ర చారలను మామూలు జిరాక్స్ తీస్తే నల్లగా వస్తాయి. రైతు తన టోకెనుకు ఒక జిరాక్స్ తీయించుకుని వస్తే చాలు, స్కానరు చదువుతుంది. ఆ మాట చెప్పగానే మేనేజరు కుర్చీలోంచి లేచాడు.

"జిరాక్స్ టోకెను చెల్లదు. కిందటేడు జరిగిన మోసమే అది. రూలు రూలే."

నిజమైన టోకెనేమో కనబడదు, కనబడే టోకెనేమో చెల్లదు. ఆ క్షణంలో ఆయన్ని ఏమీ చెయ్యకుండా ఎలా బయటికి వచ్చానో నాకే తెలియదు. వచ్చి రైతులకు చెప్పాను. నిమిషాల్లో జిరాక్స్ అంగడి ముందు వరస కట్టారు. మొదటి నకలు పెట్టగానే కీక్ మని మోగింది. మేనేజరు కాటా దగ్గరికి పోయి తూకం ఆపమన్నాడు. నా మిత్రుడు కుర్చీలోంచి కదల్లేదు.

"నంబరొచ్చినాది సార్, నేను తూస్తా ఉండా. ఆపాలంటే నువ్వే వొచ్చి కాటా మీద నిలబడు. నీ తూకం గూడా రాసుకుంటా."

చుట్టూ ఉన్న రైతులు నవ్వలేదు. ఆయన్నే చూస్తూ నిలబడ్డారు. ఆయన ఆఫీసులోకి పోయి తలుపేసుకున్నాడు. బండ్లు కదిలాయి.

నేను ఎండలో ఉన్న ట్రాక్టరు దగ్గరికి పోయాను. పెద్దామెకు జిరాక్స్ నేనే తీయించి తెచ్చాను. అది చదివింది, కాటా తెరుచుకుంది. కాయలు పరీక్షించే అతను వచ్చి పట్ట ఎత్తి చూశాడు. ట్రాలీ సందుల్లోంచి రసం కారుతోంది, కింద రోడ్డు మీద ఈగలు. అతను చెయ్యి పెట్టి నొక్కితే వేలు లోపలికి పోయింది. నా మొహం చూడకుండానే వద్దని తల ఊపాడు. అతని తప్పు కూడా కాదు, ఆ కాయ గుజ్జుకు పనికిరాదు.

నేను ఏదో అనబోయాను. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"కాయలు పోతే పాయ సామీ, యానుగు తిన్నాదనుకుంటా. నా టోకెను దొంగది కాదని నీ మిసను ఒప్పుకున్న్యాదా?"

"ఒప్పుకుందమ్మా. తప్పు టోకెనుది కాదు, మావాళ్ళ రంగుది."

"అట్లయితే ఆ మాట మైకులో సెప్పమను. నన్ను దొంగన్నిందీ మైకులోనే గదా. మా ఊరోళ్ళు ఆడ వరసలో ఉండారు, అందరూ ఇన్యారు."

మేనేజరు గది తలుపు కొట్టాను. తెరవలేదు. లోపల ఫోను మాట్లాడుతున్నట్టు నటించడం అద్దంలోంచి కనబడుతూనే ఉంది. మళ్ళీ కొట్టాను. ఆయన మనిషి బయటికి వచ్చి, సిస్టమ్ ఎర్రర్ అని ఆమెతో చెప్పి పంపించేయమన్నాడని చెప్పాడు. నేరుగా క్యాబిన్‌కు వచ్చి మైకు నేనే తీసుకున్నాను. టోకెన్లన్నీ నిజమైనవే అని, వాటిని ఎర్రరంగులో అచ్చు వేయించింది కంపెనీ అని, మొదటి బండి పెద్దామె దొంగ కాదని, ఎవరూ దొంగలు కారని చెప్పాను. రోడ్డు చివరి దాకా వినబడేలా రెండుసార్లు చెప్పాను. అనుమతి లేకుండా మైకు వాడినందుకు తర్వాత నాకు మెమో ఇచ్చారు. మరుసటి ఏడు టోకెన్లు నల్లచారలతో వచ్చాయి. వినాయకుణ్ణి మాత్రం పైన ఎర్రగానే ఉంచారు. మేనేజరుకు ప్రమోషన్ వచ్చి ఇంకో పెద్ద ఫ్యాక్టరీకి పోయాడు.

ఆ రోజు మైకు పెట్టేసి బయటికి వచ్చేసరికి పెద్దామె ట్రాక్టరు ఎక్కి కాయల మీద కూర్చుని ఉంది. ఆ కాయలను దారిలో ఎక్కడో పారబోసి ఇల్లు చేరాలి. మైకులో చెప్పిన మాట వినబడిందా అని అడిగాను.

"ఇన్యాను సామీ. నువ్వు సెప్పినావు, సంతోసం," అంది. ఆఫీసు తలుపు వైపు ఒకసారి చూసింది. "అన్నోడు సెప్పల్యా."

డ్రైవరుకు సైగ చేసింది, ట్రాక్టరు వెనక్కి తిరిగింది. అన్నవాడు ఈ రోజుకీ చెప్పలేదు.